తప్సి జిగురుతో అతికిన ఆటపెట్టె

చేతికి తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, లోకంలో చెడిపోయిన వస్తువులన్నీ నా కోసమే చెడిపోయాయని నాకొక గట్టి నమ్మకం ఉండేది. పెళ్లికి వెళితే భోజనాల దగ్గర కాక మైకు సెట్టు దగ్గర కనిపించేదాన్ని. చుట్టపుచూపుగా ఎవరింటికైనా వెళితే మంచినీళ్లు తాగేలోపే ఆ ఇంటి టీవీ రిమోటు మూత ఊడదీసేదాన్ని. (తిరిగి సరిగ్గా పెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. చుట్టాలు వాటిని గుర్తుపెట్టుకోలేదు.) తెలివి కంటే పట్టుదల ఎక్కువగా ఉండే వయసు అది. ఇప్పుడు రెండూ కాస్త సద్దుమణిగాయి కాబట్టి నిదానంగా కూర్చుని ఆ ముచ్చట చెప్పగలుగుతున్నాను.

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి ఇంటికొచ్చాను. మాది పెనుబల్లి దాటాక ఒక ఊరు. మిరప, పత్తి, కాస్త మామిడితోట. మా నాన్న తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడాడంటే అది అప్పటికే తీసుకున్న నిర్ణయమన్నమాట. "రిపేరు పని మనకెందుకమ్మా, ఖమ్మంల బ్యాంకు కోచింగుకు పో" అన్నాడు. నేను ఏడవలేదు, అలగలేదు. రెండు రోజులపాటు అన్నం తింటూనే వాదించాను. చివరికి ఒక రాజీ కుదిరింది. భద్రాచలం దగ్గర అడవి అంచున ఉండే పెదనాన్న ఇంట్లో ఉండి, శ్రీరామనవమి లోపల నేను చదివిన పనిలోనే ఉద్యోగం సంపాదించాలి. లేదంటే కళ్యాణం చూడటానికి వచ్చినప్పుడు నాన్న నన్ను వెంటబెట్టుకుపోతాడు, ఆ పైన నేను నోరెత్తకుండా కోచింగులో చేరాలి. "మాటంటే మాటే" అన్నాడు నాన్న. "మాటే" అన్నాను. నవమికి అప్పటికి నెలన్నర ఉంది. నాకు వారం చాలనుకున్నాను.

పెదనాన్న అటవీ సరుకులు కొనే డిపోలో గుమాస్తా. ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయ, అన్నిటికంటే ఎక్కువగా తప్సి జిగురు. చుట్టుపక్కల గూడేల వాళ్లు తప్సి చెట్టుకు గాటు పెట్టి, కారి గట్టిపడిన జిగురును ఏరి తెస్తే, ఈయన ఒక్కో గడ్డను ఎండకు పట్టి చూసి, వాసన చూసి, గోటితో గీకి, ఇది మొదటి రకం, ఇది రెండో రకం అని వేరు చేసేవాడు. ఆ పని చేసీ చేసీ ఆయనకు ఇంట్లో కూడా ఏ వస్తువునైనా ముందు వాసన చూసే అలవాటు పట్టుకుంది. ఆయన ఇంటి కిటికీ గూట్లో ఎప్పుడూ ఒక సీసా నిండా జిగురు గడ్డలు కలకండలా మెరుస్తూ ఉండేవి.

భద్రాచలం టౌన్లో రిపేరు షాపంటే అందరూ చెప్పేది ఒకటే. దాని యజమానిని ఊరంతా 'రేడియో సారు' అనేది. రేడియోలు పోయి ఎంత కాలమైనా పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. షాపులో రెండు కుర్చీలు. ఒకదాంట్లో సారు, రెండోది ఖాళీ. పనివాడు మానేసి హైదరాబాదు వెళ్లిపోయాడట. ఆ ఖాళీ కుర్చీ చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. సారు కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, నా డిప్లొమా కాగితాన్ని చూసి, కాగితాన్ని తిరిగిచ్చాడు. "ఆడపిల్లవు, గిట్ల పొగల కూసుంటవా? కళ్లు మండుతయ్" అన్నాడు. "మా ఇంట్లో కట్టెల పొయ్యి ఉంది సార్, అలవాటే" అన్నాను. పొమ్మన్నాడు. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ మర్నాడూ వెళ్లాను. ఎనిమిదో రోజు ఆయన నన్ను చూసి నిట్టూర్చి, అటక మీది నుంచి బూడిదరంగు పెట్టె ఒకటి దించి నా ముందు పెట్టాడు. "ఇది పళ్ల డాక్టరుది. నా వల్ల కాలే. దీన్ని నడిపియ్, గా కుర్చీ నీది. నడవకపోతే మళ్ల నా దుకాణం గడప తొక్కొద్దు. అవ్ అంటవా, కాదంటవా?"

"అవ్ సార్" అన్నాను, పెట్టెలో ఏముందో చూడకుండానే.

అది విదేశంలో తయారైన పాతకాలపు వీడియో గేమ్ పెట్టె. పళ్ల డాక్టరు దాన్ని ఎక్కడో ఆన్‌లైన్లో వెతికి తెప్పించుకున్నాడు. దానికి రెండు జబ్బులున్నాయి. ఒకటి, కొత్త టీవీలో బొమ్మ రాదు. రెండు, డాక్టరు కొన్న క్యాసెట్లు ఇంకో దేశానివి. లోపల కాపలా చిప్పు ఒకటి ఉంటుంది. అది క్యాసెట్లో ఉన్న తన జోడీ చిప్పును క్షణక్షణం పలకరిస్తూ, అవతలి నుంచి సరైన జవాబు రాకపోతే పెట్టెను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిస్తుంది. ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, తెర మీద ఏదీ నిలవదు. మందు నాకు తెలుసు. ఆ కాపలా చిప్పును పీకేసి, దాని చోట నేను ప్రోగ్రాం రాసిన ఎనిమిది కాళ్ల చిన్న చిప్పును అతికించాలి. ఏ దేశపు క్యాసెట్టు వచ్చినా అది రా రమ్మంటుంది. బొమ్మ కోసం ఇంకో చిన్న బోర్డు కట్టాలి. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని సర్క్యూట్ బొమ్మలన్నీ నోటుబుక్కులో గీసుకున్నాను. డిప్లొమా ప్రాజెక్టుకు నేనే చేసుకున్న బోర్డు మీద చిప్పుల్లోకి ప్రోగ్రాం ఎక్కించాను. మొదటి మూడు చిప్పులు చచ్చిపోయాయి. నాలుగోది బతికింది. నాన్న ఫోన్ చేసి "ఏందమ్మా, దొరికిందా?" అని అడిగినప్పుడల్లా "దొరుకుద్ది నాన్నా" అని పెట్టేసేదాన్ని.

అంతా బాగానే ఉంది కానీ, సరిగ్గా అతకడం మొదలుపెట్టిన రోజే నా ఫ్లక్స్ డబ్బా అయిపోయింది. ఫ్లక్స్ అంటే అతుకు పెట్టేముందు పూసే లేపనం. అది ఉంటేనే సీసం రాగిని పట్టుకుంటుంది. సారు దగ్గర ఉంది, కానీ సొరుగులో ఉంది, సొరుగుకు తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకు. ఖమ్మం వెళ్లి కొనుక్కురావాలంటే ఒక రోజు పోతుంది. అప్పుడు నాకు కాలేజీలో మా లెక్చరర్ చెప్పిన పాఠం గుర్తొచ్చింది. ఫ్లక్స్‌ను చెట్టు నుంచి కారే పదార్థంతో చేస్తారని ఆయన చెప్పాడు. ఏ చెట్టో కూడా చెప్పే ఉంటాడు. ఆ రోజు నేను కిటికీ పక్కన కూర్చున్నాను. చెట్టు నుంచి కారేది మా ఇంట్లో సీసా నిండా ఉండగా ఖమ్మం ఎందుకు పోవాలి? రెండు గడ్డలు రోట్లో దంచి, నాలుగు చుక్కల నీళ్లు పోసి, ముద్ద చేసి, అగ్గిపుల్లతో చిప్పు కాళ్లన్నిటికీ పూశాను. ఐరన్ పెట్టగానే చుయ్యిమంది. అతుకు పట్టింది. (సోల్డరింగ్ తీగ కడుపులోనే కొంత ఫ్లక్స్ ఉంటుందని, పని అది చేసిందని, పేరు జిగురుకు పోయిందని నాకు తర్వాత తెలిసింది.) వెంట్రుకల్లాంటి తీగలు అటూ ఇటూ కదలకుండా వాటి మీద కూడా ఆ ముద్దే దట్టంగా రాసి ఎండలో ఆరబెట్టాను. గాజులా మెరుస్తూ గట్టిపడింది. ఈ లేపనాన్ని డబ్బాల్లో పెట్టి దేశమంతా అమ్మొచ్చని కూడా ఆ సాయంత్రం ఆలోచించాను.

మర్నాడు షాపులో పెట్టె ఆన్ చేస్తే ఎర్రదీపం నిలకడగా వెలిగింది. తెర మీద బొమ్మ మనిషి పరుగెత్తాడు, గెంతాడు, గుంటలో పడి చచ్చిపోయాడు. నాకు అంత ఆనందం కలిగించిన చావు ఇంకొకటి లేదు. సారు పెట్టె దగ్గర ముక్కు పెట్టి, "వాసనేంది? పులిసిపోయిన లెక్క వస్తుంది" అన్నాడు. "కొత్త రకం ఫ్లక్స్ సార్" అన్నాను. అది అబద్ధం కాదు. "సరే, డాక్టరు దగ్గర గూడ నడవాలె. గప్పుడు కుర్చీ" అన్నాడు.

డాక్టరు క్లినిక్ బస్టాండు పక్కన. పేషెంట్లు కూర్చునే గదిలో టీవీ ఉంది, దాని ముందు స్టూలు మీద డాక్టరు ఎంతో మురిపెంగా పెట్టెను పెట్టించాడు. ఆన్ చేస్తే నడిచింది. నేను సగర్వంగా ఇంటికొచ్చి స్నానం చేసేలోపే ఫోన్. "ఏందమ్మా ఇది, దీపం కొట్టుకుంటంది" అన్నాడు డాక్టరు. పరుగెత్తాను. ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. ఊడదీసి షాపుకు తీసుకొచ్చి బల్బు కింద గంటసేపు వేడిలో పెట్టి పరీక్ష చేస్తుంటే శుభ్రంగా నడిచింది. మళ్లీ క్లినిక్‌కు తీసుకెళ్లాను. అరగంట నడిచి ఆగిపోయింది. మళ్లీ షాపుకు. నడిచింది. అత్తారింట్లో అలిగి పుట్టింట్లో నవ్వే కోడలిలా అది నన్ను రోడ్డు మీద తిప్పుతూనే ఉంది.

నేను వదల్లేదు. క్లినిక్‌లో కరెంటు బాగాలేదని పెదనాన్న ఇంటి స్టెబిలైజరును ఆటోలో వేసుకొచ్చాను. (ఆ రెండు రోజులు పెద్దమ్మ ఫ్రిజ్‌లో పాలు ఎందుకు విరిగాయో నేనిప్పటిదాకా చెప్పలేదు.) తర్వాత తప్పు పళ్లు తొలిచే మెషీనుదని అనుమానించాను. ఒకాయన కుర్చీలో నోరు తెరుచుకుని ఉండగా లోపలికి దూరి "డాక్టరు గారూ, ఒక్క పది నిమిషాలు ఆపుతారా, దీపం చూసుకోవాలి" అన్నాను. డాక్టరు మంచివాడు కాబట్టి ఆపాడు. కుర్చీలో ఉన్నాయన మాత్రం నోరు మూయలేక, తిట్టలేక, కళ్లతోనే నన్ను తిట్టాడు. దీపం మెషీను ఆపినా కొట్టుకుంది. పెద్దమ్మ "దిష్టి తగిలింది" అని తేల్చి పెట్టెకు కట్టమని నిమ్మకాయ, మిరపకాయలు ఇచ్చింది. వద్దనలేదు. అప్పటికి నేను దేన్నీ వద్దనే స్థితిలో లేను.

నవమి మూడు రోజుల్లోకి వచ్చింది. ఆ రోజు సారు, డాక్టరు ఇద్దరూ క్లినిక్‌లోనే ఉన్నారు. "పాత డబ్బా అమ్మా. దాని ఆయుష్షు అయిపోయింది. నీ తప్పేం లేదు" అన్నాడు డాక్టరు జాలిగా. సారు కూడా తలూపాడు. తిడితే బాగుండేది. "ఒక్క రోజు సార్" అని పెట్టెను చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, అరుగు మీద మూత విప్పి, చిప్పు వైపు చూస్తూ కూర్చున్నాను. అంతకుముందు విప్పిన ప్రతిసారీ షాపు దాకా వచ్చి, బల్బు కింద పెట్టాకే విప్పాను. ఈసారి మాత్రం క్లినిక్ నుంచి నేరుగా తెచ్చిన పెట్టె అది. చిప్పు చుట్టూ ఏదో తెల్లగా, ఉబ్బుగా, నానిన సగ్గుబియ్యంలా ఉంది. అదేమిటో అర్థంకాక నేను గోళ్లు కొరుక్కుంటుంటే డిపో నుంచి పెదనాన్న వచ్చాడు. చెప్పులు విప్పకుండానే, అలవాటు ప్రకారం వంగి వాసన చూశాడు. ముఖం చిట్లించాడు.

"దీనికి నీళ్లు ఎవరు పట్టిచ్చిండ్రు?" అన్నాడు, డిపోలో తడిపిన మూటను పట్టుకున్నప్పటి గొంతుతో.

"ఎవరూ పట్టించలేదు పెదనాన్నా. అది ఆటపెట్టె."

"ఆటపెట్టె అయితే ఏంది, జిగురు జిగురే గదా. బరువు రావాలని కొందరు తడిపి తెస్తరు, గిట్లనే ఉబ్బుద్ది, గిట్లనే పులుపు కొడుద్ది. గాలిల చెమ్మున్నా చాలు, తాగేస్తది. నువ్వు దీన్ని యాడ పెట్టినవ్?"

నా కళ్ల ముందు క్లినిక్ గది నిలబడింది. టీవీ, దాని ముందు స్టూలు, స్టూలుకు జానెడు దూరంలో గడ్డి పరదాల నుంచి నీళ్లు కారుతూ హోరుమనే పెద్ద కూలరు. పాత మెషీను పాపం, వేడెక్కకూడదని డాక్టరే దాన్ని కూలరుకు ఎదురుగా పెట్టించాడు. ఆ తడిగాలి తాగి జిగురు ఉబ్బి, చిప్పు కాళ్లన్నిటినీ ఒకటి చేసేది. షాపులో బల్బు వేడికి ఎండి ముడుచుకునేది. ఇక సిగ్గుతో చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆ నెలంతా పెద్దమ్మ అదే జిగురును రాత్రి నానబెట్టి, పొద్దున్నే గ్లాసు నిండా ఉబ్బిన ముద్దను పంచదార వేసి, చలవ చేస్తుందని నా చేతే తాగించింది. రోజూ తాగాను. బాగుందని కూడా అన్నాను. ఒక్కనాడూ నా బుర్ర వెలగలేదు.

"నీకు కావాల్సింది మంటకు కరిగేది బిడ్డా. ఇది నీళ్లకు కరిగేది" అన్నాడు పెదనాన్న, నవ్వాపుకోవడానికి మీసం తుడుచుకుంటూ.

మర్నాడు షాపుకు వెళుతుంటే ఆటోలో ఒక ఆలోచన వచ్చింది. పెట్టె ఆయుష్షు తీరిందని వాళ్లిద్దరూ ఒప్పేసుకున్నారు. నేను తలూపి ఊరుకుంటే పరువు దక్కుతుంది, కుర్చీ మాత్రం దక్కదు. నిజం చెబితే రెండూ పోవచ్చు. గడప దగ్గర నిలబడే గబగబా చెప్పేశాను. "సార్, తప్పు పెట్టెది కాదు, నాది. తప్సి జిగురు పూశాను." సారు చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "జిగురా?" అన్నాడు. "అవ్ సార్." "సర్క్యూట్ బోర్డుకా?" "అవ్ సార్." ఆయన భుజాలు కదలడం మొదలైంది. దగ్గు అనుకున్నాను, నవ్వు. కళ్లనీళ్లు తుడుచుకుని, మొలతాడు నుంచి తాళంచెవి తీసి, సొరుగు తెరిచి, ఫ్లక్స్ డబ్బా నా ముందుకు తోశాడు. "ముందు గోరువెచ్చని నీళ్లతోని కడుగు. మంచిగ ఎండినంక అతుకు. జల్దీ జెయ్యకు" అన్నాడు. బోర్డును నీళ్లతో కడిగాను. బ్రష్షుతో ఒక్కో కాలు సందులో నుంచి జిగురు తీశాను, ఒక రోజంతా ఎండలో పెట్టి పక్కనే కాపలా కూర్చున్నాను, తర్వాత మొత్తం మళ్లీ అతికాను.

నవమి నాడు కళ్యాణం అయిపోయి జనం బస్టాండు వైపు పోటెత్తుతున్న వేళకు మేమంతా క్లినిక్‌లో ఉన్నాం. "గంటసేపు కూలరు ముందట నడవాలె" అని సారు షరతు. అప్పుడే తలంబ్రాల పొట్లంతో నాన్న వచ్చాడు. నా బట్టల సంచిని పెదనాన్న ఇంటి నుంచే భుజాన వేసుకొచ్చాడు. "బస్సుకు టైమైంది" అన్నాడు. "గంట నాన్నా" అన్నాను. ఆ గంట ఊరికే కూర్చోలేడని డాక్టరు ఆయన చేతిలో జాయ్‌స్టిక్కు పెట్టాడు. ట్రాక్టరు నడిపిన చేతులు. బొమ్మ మనిషి గెంతినప్పుడల్లా నాన్న కూడా బెంచీ మీద కొంచెం లేచేవాడు. మొదటి గుంటలోనే పడ్డాడు. మళ్లీ పడ్డాడు. "ఇదేంది, గింత చిన్న గుంట దాటడా" అని బొమ్మను తిట్టాడు. నేను తెరను చూడలేదు, ఎర్రదీపాన్నే చూస్తూ కూర్చున్నాను. గంట గడిచింది. దీపం రెప్ప వేయలేదు. సారు లేచి పంచె దులుపుకుని, "రేపు తొమ్మిదింటికి రా. లేటైతే ఊకోను" అని వెళ్లిపోయాడు.

నాన్న లేచాడు. సంచి భుజాన వేసుకుని బస్టాండుకు నడిచాడు. వెనకే నేను. బస్సు రాగానే అందరిలాగే కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరాడు, పక్క సీటు మీదికి నా సంచి విసిరాడు. ఆయన తోసుకుంటూ ఎక్కి కూర్చున్నాడు. నేను ఎక్కలేదు, కిటికీ కింద నిలబడ్డాను. "నాన్నా, మాటంటే మాటే అన్నావు. నవమి ఇంకా అయిపోలేదు" అన్నాను.

"ఆ బొమ్మోడు గుంటల పడ్డప్పుడల్లా మళ్ల మొదటి నుంచేనా?" అని అడిగాడు.

"అవ్ నాన్నా, మొదటి నుంచే."

"నువ్వు ఆ పెట్టెను ఎన్నిసార్లు విప్పినవ్?"

"లెక్కపెట్టలేదు."

ఆయన పక్క సీటు మీది సంచిని తీసి కిటికీలోంచి నా చేతుల్లోకి దించాడు. "కళ్లకు పొగ తగలకుండా చూస్కో" అన్నాడు. కింద నిలబడ్డ ఒక ముసలామెను కేకేసి "పెద్దమ్మా, రా, సీటు ఖాళీగ ఉంది" అన్నాడు.

ఆ జనంలో, ఆ సంచిని రెండు చేతులతో గుండెకు పట్టుకుని, బస్సు వంతెన ఎక్కేదాకా నిలబడ్డ ఆ పిల్లను ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. ఇప్పుడు నాకు ఖమ్మంలో సొంత షాపు ఉంది. నాలుగు రకాల ఫ్లక్సులు, భూతద్దం దీపం, వేడిగాలి మెషీను అన్నీ ఉన్నాయి. ఏ వస్తువైనా రెండోసారి మొరాయిస్తే మర్యాదగా చీటీ రాసి తిరిగిచ్చేస్తాను. పని చాలా శుభ్రంగా ఉంటుందని అందరూ అంటారు. నిజమే. కానీ అంత ధీమాగా ఒక తప్పు చేసి, అంత మొండిగా దాని వెంట పడటం నాకిప్పుడు చేతకావడం లేదు.